ఎవరు, ఎవరితో, ఎప్పుడు? – తెలుగు భాషా దినోత్సవ కమిటీలకు బహిరంగ లేఖ

తెలుగు భాషా దినోత్సవాలు జరిపే సంఘాల కార్యవర్గాలకు, ఆ రోజున క్విజ్‌లూ వక్తృత్వ పోటీలూ పెట్టే పెద్దలకు,

నమస్కారం.

నేను గుంటూరు జిల్లాలో ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. పోయిన ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి గారి జయంతి రోజున, మా పిల్లల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని ఒక సంఘం వాళ్ళు పెట్టిన క్విజ్ పోటీకి వెళ్ళాను. ఆ సంఘం పేరు ఇక్కడ రాయను. ఆ రోజు జరిగింది ఏ ఊళ్ళో అయినా జరిగేదే. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ.

రెండో రౌండ్‌లో మా జట్టుకు వచ్చిన ప్రశ్న ఇది: "దేశభాషలందు తెలుగు లెస్స అన్నది ఎవరు?" మా తొమ్మిదో తరగతి పిల్ల మైకు అందుకుని "శ్రీకాకుళాంధ్ర విష్ణువు సార్" అంది. హాల్లో ఎవరో నవ్వారు. ప్రశ్నలడుగుతున్న ఆయన మంచివాడే. పిల్ల తడబడిందనుకుని "ఆలోచించుకుని చెప్పమ్మా, ఇంకో ఛాన్స్ ఇస్తున్నా" అన్నారు. "విష్ణువే సార్. రాయల కలలోకి వచ్చి అన్నాడు" అంది మళ్ళీ. "తప్పు" అని పక్క జట్టుకు పాస్ చేశారు. వాళ్ళు "శ్రీకృష్ణదేవరాయలు!" అన్నారు. చప్పట్లు మోగాయి. వేదిక వెనక కట్టిన ఫ్లెక్సీ మీద రాయల బొమ్మ, పక్కన ఇదే వాక్యం, కింద ఆయన పేరు.

పోటీ అయ్యాక వెళ్ళి ఆ ప్రశ్నలడిగిన ఆయనతో మాట్లాడాను. "మేడమ్, ఇది అందరికీ తెలిసిన విషయమే కదా. మరీ అంత లోతుకెళ్తే పిల్లలు కన్ఫ్యూజ్ అవుతారు" అన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క కూర్చున్న ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒక్క మాట అడిగింది: "టీచర్, పుస్తకంలో ఉన్నది చెబితే తప్పెట్లా అవుతుంది?"

పోయిన మార్కులు తిరిగి ఇమ్మని ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ప్రశ్నకు జవాబు మీ దగ్గర నుంచి రావాలని రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేనూ పదేళ్ళపాటు క్లాసులో "రాయలవారు నిండు సభలో ఇలా అన్నారు" అనే చెప్పాను. మా టీచర్లు నాకు చెప్పింది అదే. ఒకసారి బోర్డు మీద పద్యం మొత్తం రాశాను:

తెలుఁగ దేల యన్న దేశంబు తెలుఁగేను
తెలుఁగు వల్లభుండఁ దెలుఁ గొకండ
యెల్ల నృపులు గొలువ నెఱుఁగవే బాసాడి
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స

ఒక్కో పదానికీ అర్థం చెప్పుకుంటూ మూడో పాదం దగ్గరికి వచ్చాను. "ఎల్ల నృపులు కొలువ" అంటే రాజులందరూ కొలుస్తుండగా. "బాసాడి" అంటే వాళ్ళతో మాట్లాడి. "ఎఱుఁగవే" అంటే నీకు తెలియదా. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు లేచాడు. "టీచర్, రాజులందరూ కొలిచేది రాయల్నే కదా? మరి 'నీకు తెలియదా' అని రాయలు ఎవర్ని అడుగుతున్నాడు?"

నా దగ్గర జవాబు లేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని ఆ నాలుగు పాదాల్నీ మళ్ళీ మళ్ళీ చదివాను. వాడు చెప్పింది నిజం. ఈ మాట రాజు చెబుతున్నది కాదు, రాజుకి ఎవరో చెబుతున్నది. ఆ సంగతి "ఎఱుఁగవే" అన్న ఒక్క క్రియాపదంలోనే ఉంది. పదేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది. నేను నాలుగో పాదం మాత్రమే చదువుతూ వచ్చాను కాబట్టి కనపడలేదు.

ఆ ఆదివారం లైబ్రరీకి వెళ్ళి వేదం వేంకటరాయశాస్త్రి గారి వ్యాఖ్యతో ఉన్న, రాయలు రాసిన కావ్యం ఆముక్తమాల్యద తీయించుకున్నాను. ఎక్కడో లోపల వెతకాల్సిన పని కూడా లేదు. మొదటి ఆశ్వాసంలో, కావ్యం ఎలా పుట్టిందో రాయలే చెప్పుకునే చోట ఉంది. కళింగం మీద దండెత్తి వెళ్తూ ఆయన విజయవాడలో కొన్నాళ్ళు ఆగాడు. అక్కడి నుంచి శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్ర విష్ణువును సేవించుకోవడానికి వెళ్ళాడు. ఇది ఉత్తరాన ఉన్న శ్రీకాకుళం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న ఊరు. హాల్లో నవ్విన వాళ్ళు బహుశా ఉత్తరాంధ్ర శ్రీకాకుళమే అనుకుని ఉంటారు. ఆ రోజు ఏకాదశి. రాయలు ఉపవాసం ఉన్నాడు. ఆ రాత్రి నాలుగో జామున కలలో స్వామి కనపడ్డాడు.

కలలో స్వామి మాట్లాడే తీరు చూడండి. మదాలస చరిత్ర అనీ సత్యావధూ ప్రీణనం అనీ రాయలు అప్పటికే రాసిన సంస్కృత కావ్యాల పేర్లు ఒక్కొక్కటే చెప్పి మెచ్చుకుంటాడు. తర్వాత, నీకు ఆంధ్రభాష అసాధ్యమా, అందులో ఒక కృతి మాకు ఇష్టమయ్యేలా రాయి అంటాడు. ఏ కథ రాయాలో కూడా తానే చెబుతాడు. తాను ముడిచి విప్పిన దండను నాకు ఇచ్చిన ఆ చిన్నదానితో, అంటే గోదాదేవితో, శ్రీరంగంలో నాకు జరిగిన పెళ్ళి చెప్పు, వెనకటి అవతారంలో ఒక మగవాడు ఇచ్చిన దండ పుచ్చుకున్న కొరత నాకు ఉంది, దాన్ని ఈ కథతో తీర్చు అంటాడు. దేవుడు తన మనసులోని ముచ్చట చెప్పుకుని ఒక కవిని బతిమాలినట్టే ఉంటుంది. ఆ పద్యంలోనే "నేను తెలుంగు రాయఁడం గన్నడ రాయ" అంటాడు. నేను తెలుగు రాయణ్ణి, ఓ కన్నడ రాయా అని. ఆ వెంటనే వస్తుంది, తెలుగే ఎందుకంటావా అనే మన పద్యం.

అంటే "తెలుఁగు వల్లభుండ" అని చెప్పుకున్నది స్వామి. ఎదురుగా నిలబడి వింటున్నవాణ్ణి ఆ స్వామే "కన్నడ రాయ" అని పిలిచాడు. ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. మన సభల్లో మాత్రం ఈ పద్యాన్ని పట్టుకుని "నేను తెలుగు రాజును అని రాయలే చాటాడు" అంటూ ఆయన మాతృభాష మీద వాదాలు నడుస్తుంటాయి. ఆయన ఇంటి భాష ఏదో తేల్చడం చరిత్రకారుల పని. ఈ పద్యాన్ని మాత్రం అందుకు సాక్ష్యంగా తేకూడదు. సాక్షి చెప్పిన మాటను ముద్దాయి నోట్లో పెట్టినట్టు అవుతుంది.

ఇంకా బాధ కలిగించేది ఏమిటంటే, అలా కోసి తీసుకోవడం వల్ల ఆ పొగడ్తలోని అందమే పోయింది. స్వామి వట్టినే "తెలుగు గొప్పది" అనడం లేదు. నీ కొలువుకు ఎన్నో దేశాల రాజులు వస్తారు, వాళ్ళతో వాళ్ళ వాళ్ళ భాషల్లో మాట్లాడి ఉంటావు, అవన్నీ విన్న నీకు తెలియదా అంటున్నాడు. పది భాషలు విన్న చెవికే ఆ తీర్పు చెప్పే అర్హత ఉందని దాని అర్థం. పక్క భాష ఒక్క ముక్క రాకుండానే మైకు పట్టుకుని "లెస్స" అనేవాళ్ళకు ఆ మూడో పాదం వినిపించాలి. "తెలుఁ గొకండ" అన్న చోట కూడా ఎంత ఉందో చూడండి. తెలుగు ఒకడను, అంటే నేనూ ఒక తెలుగువాణ్ణి అని కొందరు అర్థం చెబుతారు. "తెలుఁగొ కండ" అని విడదీసి, తెలుగా, అది కలకండ అని కొందరు చెబుతారు. క్లాసులో ఈ రెండూ చెప్పినప్పుడు పిల్లలు రెండు పక్షాలుగా చీలి వాదించుకుంటారు. ఆ పూట నాకు పాఠం చెప్పిన తృప్తి మిగులుతుంది. నాలుగో పాదం ఒక్కటే చేతిలో పెడితే వాళ్ళు వాదించుకోవడానికి ఏముంది? "లెస్స" అంటే తక్కువ అనుకుని, ఇంగ్లిష్ మాటతో కలుపుకుని, "మనల్ని మనమే తిట్టుకున్నామా టీచర్" అని అడిగిన పిల్లలూ నాకు తెలుసు. లెస్స అంటే మంచిది, బాగు. పాత నాటకాల్లో "లెస్స పలికితివి" అంటారే, ఆ లెస్సే ఇది.

సరే, విష్ణువు అన్నాడు, రాయలు రాశాడు అనుకుని ఆగుదామా అంటే అక్కడా ఆగడానికి లేదు. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. ఆయనకు సుమారు నూరేళ్ళ ముందుదైన క్రీడాభిరామంలో ఈ పద్యం ఉంది:

జనని సంస్కృతంబు సకల భాషలకును
దేశభాషలందుఁ దెలుఁగు లెస్స
జగతిఁ దల్లికంటె సౌభాగ్యసంపద
మెచ్చు టాఁడుబిడ్డ మేలు గాదె

గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసిన వింతలన్నీ చెప్పే వీథి నాటకం అది. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉంది. రచన శ్రీనాథుడిదేనని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు వాదించారు. ఈ పద్యం చెప్పే దారి వేరు. సంస్కృతం తల్లి, తెలుగు కూతురు. తల్లిని గౌరవిస్తాం, కానీ లోకం మెచ్చుకునేది ఈడొచ్చిన కూతురి సొగసునే కదా అంటుంది. అక్కడ రాజులూ లేరు, కలా లేదు. ఒక ఇంట్లో తల్లీ కూతుళ్ళ పోలిక ఉంది. ఒకే పాదం రెండు పద్యాల్లో రెండు వేర్వేరు ఆలోచనలకు ముగింపుగా, మధ్యమాటగా నిలబడింది. రాయలు పాత మాటను ఎత్తి తన కావ్యంలో పొదిగాడో, అప్పటికే అది జనం నోట నానుతున్న మాటో, ఏదైనా ఆయన దాన్ని ఒక దేవుడి నోట పలికించి కొత్త ప్రాణం పోశాడు. ఇందులో రాయలకు తగ్గేదేమీ లేదు. నిజం చెబితే ఆయన కవిత్వానికే విలువ పెరుగుతుంది.

మూలం వెతకడం అంటే ఎవరి పేరో తుడిపెయ్యడానికి చేసే పని అని కొందరు అనుకుంటారు. నా అనుభవం అది కాదు. ఆ పద్యం వెనక పోతేనే నాకు ఓరుగల్లు వీధులు కనపడ్డాయి, శ్రీకాకుళం కనపడింది. ఒక ఎండాకాలం సెలవుల్లో కరకట్ట మీదుగా ఆ ఊరు వెళ్ళాను. గుడి దగ్గర ఆముక్తమాల్యద మండపం అని ఉంది. ఆ రాతి స్తంభాల మధ్య కూర్చుని ఈ పద్యం పైకి చదివితే, ఫ్లెక్సీ మీద చదివినదానికీ దీనికీ ఉన్న తేడా నాకు తెలిసింది. ఆ మాట ఒక ఊళ్ళో, ఒక రాత్రి, ఒకరు ఇంకొకరితో అన్నట్టుగా కవి రాసిన మాట. దానికి ఊరూ పేరూ ఉన్నాయి.

మన పరీక్షల్లో ఒక ప్రశ్న ఉంటుంది, మీ అందరూ రాసే ఉంటారు: సందర్భ సహిత వ్యాఖ్య. ఒక వాక్యం ఇచ్చి, ఇది ఏ పాఠంలోది, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, అర్థమేమిటి అని అడుగుతాం. సందర్భం రాయని పిల్లవాడికి మార్కు కోస్తాం. ఎర్రసిరాతో "ఎవరితో?" అని పక్కన రాసిన పేపర్లు నా చేతి మీదుగా వేలు పోయి ఉంటాయి. అదే పిల్లవాడు ఆగస్టు 29న మన సభకు వచ్చేసరికి గోడల నిండా సందర్భం లేని వాక్యాలు. పిల్లల దగ్గర అడిగేది మన దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వదిలేస్తున్నాం?

ఈ ఒక్క పద్యంతో పోయేది అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేదాన్ని కాదు. తెలుగు "తూర్పు దేశపు ఇటాలియన్" అని నికోలో కాంటీ పదిహేనో శతాబ్దంలోనే అన్నాడని ప్రతి సభలోనూ వింటాం. కాంటీ వెనిస్ వర్తకుడు, విజయనగరం చూసినవాడు, అంతవరకు నిజం. తిరిగి వెళ్ళాక పోపు ఆజ్ఞ మీద తన ప్రయాణాలన్నీ పోపు కార్యదర్శి పోజియోకు చెప్పాడు. ఆయన లాటిన్‌లో రాసుకున్నాడు. ఆ కథనం 1857లో ఇంగ్లిష్‌లో కూడా అచ్చయింది. విజయనగరం చుట్టుకొలత అరవై మైళ్ళని, ఆయుధం పట్టగల మగవాళ్ళు తొంభై వేలమంది అని అందులో ఉంది. తెలుగును ఇటాలియన్‌తో పోల్చిన వాక్యం లేదు. ఆ పోలిక కనపడేది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ రచనల్లో. నాలుగు వందల ఏళ్ళు వెనక్కి జరిపితే గొప్పగా ఉంటుందని ఎవరో కాంటీకి తగిలించారు. తెలుగు మాటలు అచ్చులతో ముగుస్తాయన్న సంగతి కాంటీ చెప్పకపోయినా నిజమే కదా. మరి ఆయన పేరు అరువు తెచ్చుకోవడం దేనికి?

పుస్తక ప్రదర్శనల దగ్గర బ్యానర్ ఒకటి ఉంటుంది: "చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, కానీ ఓ మంచి పుస్తకం కొనుక్కో." కింద కందుకూరి వీరేశలింగం పంతులు గారి పేరు. నాకు చాలా ఇష్టమైన మాట. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఏ పుస్తకంలోదని స్టాళ్ళ వాళ్ళని అడిగాను. ఆయన నడిపిన వివేకవర్ధని పత్రికలోనా, స్వీయచరిత్రలోనా, ఏ ఉపన్యాసంలోనిది అని. పేజీ చూపించినవాళ్ళు లేరు. ఇంగ్లిష్‌లో "పాత కోటు తొడుక్కో, కొత్త పుస్తకం కొనుక్కో" అన్న మాట ఆస్టిన్ ఫెల్ప్స్ అనే అమెరికా మతాచార్యుడి పేరున చాలాకాలంగా తిరుగుతోంది. ఆయన 1890లో పోయారు, పంతులు గారు 1919లో. పంతులు గారి వచనం చదివినవాళ్ళకు "తొడుక్కో, కొనుక్కో" అనే ప్రాస కొంచెం కొత్తగానే వినిపిస్తుంది. అలాగని అది ఋజువు కాదు, చివరి రోజుల్లో ఆయన వాడుక భాష వైపు వచ్చారు. నేను అనేది ఒక్కటే. పేజీ దొరికేదాకా ఆ పేరు తీసి ఆ మాటను అలాగే ఉంచండి. పేరు లేకపోయినా ఆ మాట పిల్లవాడి చేత పుస్తకం కొనిపిస్తుంది.

"జననీ జన్మభూమిశ్చ" సంగతీ ఇంతే. వాల్మీకి రామాయణంలో లక్ష్మణుడితో రాముడు అన్నాడని చెబుతాం. కొన్ని ప్రతుల్లో ఉంది. బరోడా పండితులు ఎన్నో తాళపత్రాలు పోల్చి తయారుచేసిన పరిష్కృత పాఠంలో లేదు. ఇక వేమన పేరు చెప్పనే అక్కర్లేదు. బ్రౌన్ దొర 1829లో వేసిన పుస్తకంలో 693 పద్యాలు ఉంటే, 1839లో మళ్ళీ వేసేసరికి 1,164 అయ్యాయి. చివర "వినురవేమ" అని పెడితే చాలు, ఎవరి పద్యమైనా వేమనది అయిపోతుంది. ఇవాళ ఫోన్లలో తిరిగే కొన్ని పద్యాలకు ఆటవెలది గణాలు కూడా సరిపోవు. అయినా కింద యోగివేమన బొమ్మ ఉంటుంది.

మన దగ్గర చాటువుల సంప్రదాయం ఉంది, నోటి మాటగా వచ్చిన సాహిత్యం ఉంది, ప్రతిదానికీ పుట సంఖ్య అడిగితే ఎట్లా అని మీలో కొందరు అనొచ్చు. న్యాయమైన మాటే. చాటువును చాటువు అనే చెప్పండి. "శ్రీనాథుడి పేరున వినిపించే చాటువు" అంటే ఎంత అందంగా ఉంటుంది! "శ్రీనాథుడు రాసిన పద్యం" అని ఖాయం చేస్తేనే చిక్కు. చాటుపద్యాల్ని ఊరూరా సేకరించిన వేటూరి వారే క్రీడాభిరామం కర్తృత్వం మీద అంత పట్టుగా వాదించారు. నోటి సాహిత్యాన్ని ప్రేమించడానికీ, మూలం కోసం పట్టుబట్టడానికీ వైరం లేదని చెప్పడానికి ఆయన ఒక్కరు చాలు.

మిమ్మల్ని కోరేది పెద్ద ఖర్చుతో అయ్యే పని కాదు. ఫ్లెక్సీ మీద ఆ వాక్యం కింద, రాయల పేరుతో పాటు ఒక చిన్న వరస చేర్చండి: "రాయల కలలో శ్రీకాకుళాంధ్ర విష్ణువు మాట, ఆముక్తమాల్యద, మొదటి ఆశ్వాసం." ఇంకా చోటుంటే పద్యం నాలుగు పాదాలూ వేయండి. క్విజ్‌లో "అన్నది ఎవరు" అని కాకుండా "ఈ పద్యం ఏ కావ్యంలోది, ఎవరు ఎవరితో అన్నారు" అని అడగండి. ప్రశ్నలు తయారుచేసే వాళ్ళకు వెనకటి ఏడాది ప్రశ్నల కాగితం కాక మూల గ్రంథం ఇవ్వండి. ఇప్పుడు ఆముక్తమాల్యదా, క్రీడాభిరామమూ రెండూ ఫోన్‌లోనే చదువుకోవచ్చు. బస్సు కోసం ఎదురుచూసే పావుగంటలో ఆ పద్యం తీసి చూడొచ్చు. ఒకవేళ ఏ పిల్లో మీ జవాబుకు వేరే జవాబు చెబితే, తప్పు అనేముందు "ఎక్కడ చదివావమ్మా?" అని ఒక్క మాట అడగండి. ఆ రోజు మా పిల్లని ఎవరైనా అలా అడిగి ఉంటే, ఏకాదశి ఉపవాసం దగ్గర నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పేది. హాల్లో ఉన్న రెండు వందల మంది వినేవాళ్ళు.

ఈ ఆగస్టు 29కి కూడా మేం వస్తున్నాం. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి. పబ్లిక్ పరీక్షల టెన్షన్ ఉన్నా పేరు ఇచ్చింది. ఆముక్తమాల్యద ఒక ప్రతి నా సంచిలో ఉంటుంది. ఆ పద్యం ఉన్న పుట దగ్గర కాగితం ముక్క పెట్టి తెస్తాను. మీలో ఎవరు అడిగినా తీసి చూపిస్తాం.

ఇట్లు,
ఒక తెలుగు టీచర్,
గుంటూరు జిల్లా